డెస్క్‌టాప్ ప్రాసెసర్ కొంటున్నారా? ముందు ఈ లెక్క వేసుకోండి

కంప్యూటర్ షాపులో అడుగుపెట్టగానే వినిపించే మొదటి ప్రశ్న: "ఐ5 కావాలా సార్, ఐ7 కావాలా?" ఆ అంకె ఒక్కటే చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. 2011లో వచ్చిన ఇంటెల్ ఐ7-2600లో 4 కోర్లు (పనిచేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100లోనూ అంతే, 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఒక్కో కోరు వేగం పోల్చితే మాత్రం ఐ3 దాదాపు రెట్టింపు. అయినా "ఐ7 సిస్టమ్, చవక ధర" అని కనబడే సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో చాలా వరకు ఈ ముసలి ఐ7లే. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి మాత్రమే నడుస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఆ ప్రకటనల జోలికి పోకండి.

ఫలానా మోడల్ కొనండి అని నేను చెబితే అది నాలుగు నెలల్లో పాతబడుతుంది, ధరలు అలా మారుతుంటాయి. లెక్క వేసే పద్ధతి తెలిస్తే ఏ రోజు ధరలకైనా పనికొస్తుంది. ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ను కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపడం) సంగతీ ఆ లెక్కలోనే తేలుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను: ఒకప్పుడు ఓవర్‌క్లాకింగ్ డబ్బు మిగిల్చేది, ఇప్పుడు ఎక్కువ సందర్భాల్లో డబ్బు తింటోంది.

1. పాత సిస్టమ్‌లో ఏది అడ్డుపడుతోందో చూడండి

ఇప్పటికే ఒక కంప్యూటర్ ఉంటే, దానిమీద మీ రోజువారీ పని చేస్తూ టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, లాజికల్ ప్రాసెసర్లు విడివిడిగా కనిపించేలా మార్చండి. ఇప్పుడు సిస్టమ్ నెమ్మదించినప్పుడు ఏం జరుగుతోందో గమనించండి.

ఒకటి రెండు గడులు నిండిపోయి మిగతావి ఖాళీగా ఉంటే, మీకు కావలసింది ఎక్కువ కోర్లు కాదు, వేగమైన కోర్లు. అన్ని గడులూ నిండుతుంటే కోర్ల సంఖ్య పెంచుకుంటే ఫలితం ఉంటుంది. ప్రాసెసర్ తీరిగ్గా ఉండి మెమొరీ 90 శాతం దాటిందంటే ర్యామ్ వేయించుకుంటే చాలు, ప్రాసెసర్ మాట మరిచిపోండి. డిస్క్ 100 శాతం దగ్గర ఇరుక్కుంటే ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డు 97, 98 శాతం పనిచేస్తుంటే కొత్త ప్రాసెసర్ కొన్నా ఫ్రేములు పెద్దగా పెరగవు. "ప్రాసెసర్ పాతదైపోయింది" అనుకునే చాలామందికి అసలు జబ్బు ఈ చివరి మూడింట్లోనే ఉంటుంది.

2. పనిని బట్టి ఎంత కావాలి

ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు: వీటికి నాలుగు వేగమైన కోర్లు సరిపోతాయి. గ్రాఫిక్స్ కార్డు కొనే అవసరం లేకుండా ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్నది తీసుకోండి.

ఇంజినీరింగ్ చదివే పిల్లలకు, ఆండ్రాయిడ్ స్టూడియో, డాకర్ లాంటివి వాడేవాళ్లకు 6 కోర్లు, 12 థ్రెడ్లు హాయిగా ఉంటాయి. వీళ్లకు ప్రాసెసర్ కన్నా ముందు 16 జీబీ, వీలైతే 32 జీబీ ర్యామ్ కావాలి.

గేమింగ్‌కు కూడా మధ్యతరగతి బడ్జెట్‌లో 6 కోర్లే. మిగిలిన ప్రతి రూపాయీ గ్రాఫిక్స్ కార్డుకు పోవాలి. బడ్జెట్ పెద్దదైతే ఏఎండీలో ఎక్స్3డీ అనే రకం ఉంది. రైజెన్ 7 7800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమొరీ) ఉంటుంది. గేములు ఆ క్యాష్‌ను బాగా వాడుకుంటాయి, ఎక్సెల్‌కు దానితో పనిలేదు.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఖరీదైన డెస్క్‌టాప్‌లు కొనేది ఎక్కువగా వీళ్లే. షాపువాళ్లు వీళ్లకు కోర్ల సంఖ్య చూపించి అమ్ముతారు. ఇప్పటి కెమెరాలు హెచ్‌ఈవీసీ 10 బిట్ 4:2:2 అనే, బాగా కుదించిన ఫార్మాట్‌లో రికార్డు చేస్తున్నాయి. ఆ ఫైలును టైమ్‌లైన్ మీద పరిగెత్తించడం కోర్లకు భారం. చాలా గ్రాఫిక్స్ కార్డులకు కూడా ఆ ఫార్మాట్ విప్పడం రాదు. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగానికి మాత్రం అది వచ్చు, క్విక్ సింక్ అంటారు. అందుకే మీ పని ఇదైతే పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ వద్దు. వెయ్యి రెండు వేలు ఆదా చేద్దామని ఎఫ్ తీసుకుంటే, టైమ్‌లైన్ తడబడిన ప్రతిసారీ ఆ ఆదా గుర్తొస్తుంది.

బ్లెండర్ రెండరింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం లాంటి పనులకే 12, 16 కోర్లు నిజంగా ఉపయోగపడతాయి.

3. పేరు చివరి అక్షరాలు చదవడం నేర్చుకోండి

ఇంటెల్‌లో ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదు, విడిగా కార్డు ఉండి తీరాలి. కే అంటే వేగాన్ని మన ఇష్టానికి పెంచుకునే వీలుంది. కేఎఫ్ అంటే రెండూ. టీ అంటే తక్కువ కరెంటుతో, తక్కువ వేగంతో నడిచేది. ఇలాంటివి కంపెనీల చిన్న సిస్టమ్‌ల నుంచి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తుంటాయి. అంకె ఒకటే కదా అని ఇచ్చేస్తారు, చూసుకోండి.

ఏఎండీలో జీ అంటే మెరుగైన గ్రాఫిక్స్ లోపలే ఉంది. రైజెన్ 5000 సిరీస్‌లో జీ లేకపోతే గ్రాఫిక్స్ అసలే లేనట్టు. 7000 సిరీస్ నుంచి దాదాపు అన్నింట్లో తెరమీద బొమ్మ వచ్చేంత చిన్న గ్రాఫిక్స్ ఉంది, 7500ఎఫ్ లాంటి ఎఫ్ రకాలు మినహాయింపు. ఎక్స్ అంటే అదే చిప్‌ను ఎక్కువ కరెంటుతో, కాస్త ఎక్కువ వేగంతో నడపడం.

పేరులో కనిపించని తేడాలూ ఉంటాయి. రైజెన్ 5 5500, రైజెన్ 5 5600 రెండింట్లోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లే. కానీ 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. పైగా 5500కి పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుతో కలిపే దారి) 3.0 మాత్రమే ఉంది, 5600కి 4.0. గేముల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. ధర తేడా చిన్నదైతే 5600 వైపే మొగ్గండి. మోడల్ ఖాయం చేసుకునే ముందు కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో దాని పేజీ తెరిచి కోర్లు, క్యాష్, పీసీఐఈ, గ్రాఫిక్స్ ఒకసారి సరిచూసుకోవడం ఐదు నిమిషాల పని.

4. చిప్ ధర కాదు, మొత్తం బిల్లు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక కాగితం మీద ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, కూలర్ నాలుగూ కలిపి రాయండి. ఎందుకంటే ఈ నాలుగూ ఒకదాన్నొకటి నిర్ణయిస్తాయి. ఏఎండీ ఏఎం4 సాకెట్‌కు (బోర్డులో చిప్ కూర్చునే గూడు) డీడీఆర్4 ర్యామ్ కావాలి. ఏఎం5కు డీడీఆర్5 తప్పనిసరి. ఇంటెల్ 12, 13, 14 తరాలు కూర్చునే ఎల్‌జీఏ1700 బోర్డులు రెండు రకాల ర్యామ్‌లకూ దొరుకుతాయి, కానీ ఒక బోర్డుకు ఒకటే. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 సిరీస్‌కు ఎల్‌జీఏ1851, డీడీఆర్5 మాత్రమే. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాక ఈ లెక్క మరీ ముఖ్యమైంది. ఇంట్లో మంచి డీడీఆర్4 ర్యామ్ ఉన్నవాళ్లు దాన్ని పారేసి కొత్త సాకెట్‌కు మారడానికి ముందు రెండుసార్లు కూడికలు వేసుకోవాలి.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చూద్దాం. ఒక ప్రాసెసర్ 12 వేలు, ఇంకోటి 18 వేలు అనుకోండి. రెండోది మీ పనిలో 20 శాతం వేగం. చిప్ ధరలే పోల్చితే 50 శాతం ఎక్కువ డబ్బుకు 20 శాతమే లాభం, అంటే మొదటిదే గెలిచినట్టు కనిపిస్తుంది. కానీ మిగతా సిస్టమ్ 48 వేలు అవుతుందనుకుంటే, మొత్తం 60 వేలు, 66 వేలు. పది శాతం ఎక్కువ డబ్బుకు 20 శాతం వేగం! ఇప్పుడు రెండోదే లాభం. అదే, పాత బోర్డులో కేవలం చిప్ మార్చుకునే మనిషికైతే మొదటి లెక్కే సరైనది. ఒకే రెండు ప్రాసెసర్లు, ఇద్దరు మనుషులకు రెండు వేరు సమాధానాలు. ఆ 20 శాతం మీ పనిలో రావాలన్నది మరవకండి. సినీబెంచ్ (రెండరింగ్‌తో ప్రాసెసర్ వేగం కొలిచే ప్రోగ్రామ్) అంకెలు చూసి గేమింగ్ సిస్టమ్ కొనకూడదు.

లెక్కలో బోర్డును మరీ నొక్కేయకండి. చవకైన హెచ్610 బోర్డు ఐ3కి, ఐ5-12400కి చక్కగా సరిపోతుంది. దాని మీద ఐ7 కూర్చోబెడితే బోర్డులో విద్యుత్ సరఫరా చేసే భాగాలు వేడెక్కి ప్రాసెసర్ వేగం తగ్గిపోతుంది. ఏనుగును కొన్నాక అంకుశం దగ్గర బేరమాడినట్టు ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) విషయంలోనూ అంతే. రంగుల లైట్ల ఫ్యాన్లకు పెట్టే డబ్బు దానికి మళ్లించండి.

ఇప్పటికే ఏఎం4 బోర్డు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2017 నాటి బీ350 బోర్డులకు కూడా చాలా కంపెనీలు రైజెన్ 5000 సిరీస్ నడిచేలా బయోస్ (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చాయి. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ సపోర్టు జాబితా చూసుకుని, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాత కొత్తది పెట్టండి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు మొండికేస్తుంది. యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టకండి. కొత్తగా కొనేవాళ్లలో రాబోయే ఏళ్లలో చిప్ మాత్రమే మార్చుకుందామనుకునేవాళ్లకు ఏఎం5 మేలు. 2027 దాకా, ఆ తర్వాతా ఆ సాకెట్‌ను కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఎల్‌జీఏ1700కి 14వ తరమే చివరి పెద్ద మెట్టు.

5. ఓవర్‌క్లాకింగ్ కోసం డబ్బు పెట్టాలా?

1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చవక చిప్ వచ్చింది. బస్సు (చిప్‌ను బోర్డుతో కలిపే దారి) వేగం 66 మెగాహెర్ట్జ్, దాన్ని 4.5తో హెచ్చిస్తే సుమారు 300 మెగాహెర్ట్జ్. బోర్డులో బస్సును 100కు మార్చితే అదే చిప్ 450 దగ్గర నడిచేది. అంటే 50 శాతం వేగం ఊరికే వచ్చింది, అప్పటి ఖరీదైన పెంటియం 2 450 పక్కన నిలబడేది. 2011 నాటి ఐ5-2500కే కూడా 3.3 గిగాహెర్ట్జ్ చిప్పే అయినా, ఒక మంచి కూలర్‌తో 4.5 దాకా చాలామంది నడిపారు. ఓవర్‌క్లాకింగ్‌కు ఉన్న పేరంతా ఆ రోజుల్లో వచ్చిందే.

ఇప్పుడు ఆ మిగులును కంపెనీలే పిండేస్తున్నాయి. టర్బో, బూస్ట్ అనే పేర్లతో చిప్ తనంతట తాను అంచు దాకా వెళుతుంది. ఐ5-14600కే పెట్టెలోంచి తీయగానే 5.3 గిగాహెర్ట్జ్ దాకా ఎగురుతుంది. మనం కిందామీదా పడి ఇంకో 200, 300 మెగాహెర్ట్జ్ లాగితే దక్కేది నాలుగైదు శాతం. దానికి ఖర్చు ఎక్కడెక్కడ పెరుగుతుందో చూడండి. మామూలు చిప్ బదులు కే రకం. బీ760 బదులు జెడ్ సిరీస్ బోర్డు, ఎందుకంటే ఇంటెల్‌లో హెచ్, బీ చిప్‌సెట్ల మీద కోర్ల వేగం పెంచే వీలు లేదు. కే చిప్‌లకు పెట్టెలో కూలర్ రాదు కాబట్టి అది వేరే కొనాలి. ఈ మూడు అదనపు ఖర్చులూ కలిపితే పై మెట్టు ప్రాసెసర్‌కో, మంచి గ్రాఫిక్స్ కార్డుకో సరిపోతుంది. సరదా కోసం చేసేవాళ్లను నేను ఆపను, అదొక హాబీ. ఆదా కోసమైతే మాత్రం వద్దు.

ఏఎండీలో కథ కొంచెం వేరు. రైజెన్ చిప్‌లలో దాదాపు అన్నింట్లో వేగం పెంచుకునే వీలుంటుంది. కొన్ని ఎక్స్3డీ రకాలే మినహాయింపు. బోర్డు ఏ520, ఏ620 కాకుండా బీ550, బీ650 అయితే చాలు. అందుకే ఇక్కడ ఒక చిట్కా పనిచేస్తుంది: రైజెన్ 5 7600ఎక్స్ బదులు 7600 కొనండి. 7600కి పెట్టెలోనే కూలర్ వస్తుంది, 7600ఎక్స్‌కు రాదు. బయోస్‌లో పీబీఓ (చిప్ తనంతట తాను ఇంకాస్త బూస్ట్ అయ్యేలా చేసేది) అనే సెట్టింగ్ ఆన్ చేస్తే 7600 దాదాపు 7600ఎక్స్‌కు చేరుకుంటుంది. ఈ రోజుల్లో ఓవర్‌క్లాకింగ్‌తో నిజంగా డబ్బు మిగిలే తావు ఇలాంటిదే.

ఇంటెల్ 13, 14 తరాల పెద్ద చిప్‌లు కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో ఎక్కువ వోల్టేజీ వెళ్లడం వల్ల చిప్ క్రమంగా దెబ్బతిని సిస్టమ్ క్రాష్ అయ్యే సమస్య 2024లో బయటపడింది. ఇంటెల్ ఆ ఏడాది ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు విడుదల చేసి, ఆ చిప్‌ల వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. సవరణ కొత్తగా దెబ్బ తగలకుండా చూస్తుంది గానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. కాబట్టి బోర్డుకు వెంటనే తాజా బయోస్ వేయండి. సెకండ్ హ్యాండ్‌లో ఐ7-13700కే, ఐ9-13900కే లాంటివి కొనాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

6. ఖర్చు లేకుండా దక్కేవి వదులుకోకండి

మొదటిది ర్యామ్ వేగం. 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 కొన్నా, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే 4800 చుట్టుపక్కలే నడుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ర్యామ్ స్టిక్కులను ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. పక్కపక్కన పెడితే డ్యూయల్ చానెల్ (రెండూ ఒకేసారి డేటా అందించే వీలు) పోతుంది. బోర్డు పుస్తకంలో బొమ్మ ఉంటుంది.

రెండోది అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కు అందే వోల్టేజీ తగ్గించడం. మన ఎండలకు ఓవర్‌క్లాకింగ్ కన్నా ఇదే పనికొస్తుంది. చిప్ తినే కరెంటు దాని వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం 5 శాతం పెంచడానికి వోల్టేజీ 8 శాతం పెంచారనుకోండి, కరెంటు 22 శాతం దాకా పెరుగుతుంది. అదంతా వేడే. లెక్కను తిరగేస్తే వోల్టేజీ కొంచెం తగ్గించినా వేడి బాగా తగ్గుతుంది. చల్లగా ఉన్న చిప్ బూస్ట్ వేగాన్ని ఎక్కువసేపు నిలబెట్టుకుంటుంది.

రైజెన్ 5000, ఆ తర్వాతి చిప్‌లలో దీన్ని కర్వ్ ఆప్టిమైజర్ అంటారు. బయోస్‌లో పీబీఓ కింద ఉంటుంది. అన్ని కోర్లకూ నెగెటివ్ 10 పెట్టి మొదలుపెట్టండి. సినీబెంచ్ పది నిమిషాలు నడిపి, రెండు మూడు రోజులు మామూలుగా వాడండి. బాగుంటే 15, ఆ తర్వాత 20. అసలు పరీక్ష భారీ పనిలో కాదు, ఖాళీగా ఉన్నప్పుడు. బ్రౌజర్ మాత్రమే తెరిచి ఉండగా సిస్టమ్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అయితే, ఈవెంట్ వ్యూయర్‌లో 'వీయా లాగర్' పేరుతో ఎర్రర్లు కనిపిస్తే, ఒక మెట్టు వెనక్కి రండి. 105 వాట్లు, అంతకన్నా పెద్ద రైజెన్‌లలో 65 వాట్ల ఎకో మోడ్ కూడా ఉంటుంది. వేగం కొద్దిగా తగ్గి కరెంటు చాలా తగ్గుతుంది.

ఉష్ణోగ్రతల గురించి ఒక మాట. యూట్యూబ్ రివ్యూలు ఎక్కువగా 20, 22 డిగ్రీల గదుల్లో తీస్తారు. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గది 38 డిగ్రీలు ఉంటే, రివ్యూలో 75 చూపించిన చిప్ మీ ఇంట్లో 90 దాటుతుంది. డిసెంబర్ రాత్రి చేసిన టెస్టు చూసుకుని మురిసిపోవద్దు. రైజెన్ 7000 చిప్‌లు భారీ పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారయ్యాయి, ఇంటెల్‌వి 100 దాకా తట్టుకుంటాయి. అంత దాకా వెళ్లినా కాలిపోవు, వేగం తగ్గించుకుంటాయి. కానీ మీరు డబ్బు పెట్టి కొన్నది ఆ వేగమే కదా! ఎండాకాలంలో కూడా గంటల తరబడి రెండరింగ్ చేసేవాళ్లు పెట్టెలో వచ్చే చిన్న కూలర్ మీద ఆధారపడకుండా ఒక మామూలు టవర్ కూలర్ పెట్టించుకోండి. నీళ్ల కూలింగ్ అంత అవసరం ఉండదు.

ఓవర్‌క్లాకింగ్, అండర్‌వోల్టింగ్, ర్యామ్ వేగం పెంచడం ఇవన్నీ కంపెనీ నిర్ణయించిన హద్దులు దాటే పనులే. పీబీఓ, ఎక్స్‌పో లాంటివి కూడా వారంటీ పరిధిలోకి రావని నిబంధనల్లో ఉంటుంది. తెలిసే చేయండి.

7. కొనేటప్పుడు

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్)లో రెండు మూడు షాపుల్లో రేటు అడిగి, ఆన్‌లైన్ ధర పక్కన పెట్టి చూడండి. నాలుగు వస్తువులూ ఒకే చోట తీసుకుంటే షాపువాళ్లు ఎంతో కొంత తగ్గిస్తారు, పైగా ఏదైనా పనిచేయకపోతే "అది మా దగ్గర కొన్నది కాదు" అనే మాట రాదు. జీఎస్టీ బిల్లు లేకుండా తక్కువకిస్తామంటే ఒప్పుకోకండి.

పెట్టె సీల్ ఉన్న బాక్స్ పీసా, విడిగా ఇచ్చే ట్రే పీసా అడగండి. బాక్స్ పీసుకు మామూలుగా కంపెనీ మూడేళ్ల వారంటీ ఉంటుంది. ట్రే పీసుకు షాపువాడి మాటే వారంటీ. పెట్టె మీది సీరియల్ నంబరు, చిప్ మీది నంబరు, బిల్లులో రాసిన నంబరు కలుస్తున్నాయో చూడండి. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పుతూ వీడియో తీయండి. అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకోవాలనుకుంటే, వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి.

వాడిన ప్రాసెసర్ కొనడానికి నేను పెద్దగా భయపడను, బోర్డులతో పోల్చితే చిప్‌లు పాడవడం అరుదు. ఏఎం4 చిప్‌కు కాళ్లు చిప్ కిందే ఉంటాయి కాబట్టి వెలుతురులో పట్టుకుని వంగినవి ఉన్నాయేమో చూడండి. ఇంటెల్‌లో, ఏఎం5లో అవి బోర్డు సాకెట్‌లో ఉంటాయి. బ్రాండెడ్ ఆఫీస్ సిస్టమ్‌ల నుంచి తీసిన రైజెన్ ప్రో చిప్‌లు కొన్ని ఆ కంపెనీ బోర్డులకే లాక్ అయి ఉంటాయి, మీ బోర్డులో ఆన్ కావు. ఆన్ చేసి చూపించమని అడగండి.

8. బిగించిన రోజే చేయాల్సిన పరీక్ష

సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి ప్రాసెసర్ పేరు, కోర్లు, క్యాష్ మీరు కొన్నవాటితో సరిపోయాయో చూడండి. అందులోనే మెమొరీ ట్యాబ్‌లో ర్యామ్ వేగం సగం అంకెగా కనిపిస్తుంది, 6000 అయితే 3000 అని. కంగారు పడకండి, డీడీఆర్ లెక్క అంతే. తర్వాత ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పక్కన పెట్టుకుని సినీబెంచ్ పది నిమిషాలు నడపండి. వచ్చిన స్కోరును అదే చిప్‌కు రివ్యూల్లో ఉన్న స్కోరుతో పోల్చండి. రెండు మూడు శాతం తేడా మామూలే. పది శాతానికి మించి తగ్గితే ముందు కూలర్ నాలుగు మూలలా సమంగా బిగించారా, దాని అడుగున ప్లాస్టిక్ పొర తీశారా చూడండి. ఆ తర్వాత ర్యామ్ స్లాట్లు, బయోస్‌లో పవర్ లిమిట్లు. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా స్కోరు రాకపోతే, స్క్రీన్‌షాట్లు తీసుకుని, రిటర్న్ గడువు దాటకముందే షాపుకు వెళ్లి మార్చమని అడగండి.